కాకి ముట్టని పేర్లు

పరంధామయ్య గారి ప్రాణం పోయి గంట కాలేదు, ఆయన విగ్రహానికి చోటు వెతకడం మొదలైంది. బస్టాండు ముందు అన్నారు కొందరు. అంత చిన్నచోటు ఆయనకేం ఆనుతుంది, చిలకలేరు ఆనకట్ట మీదే నిలబెట్టాలి, ప్రాజెక్టుకు కూడా ఆయన పేరే పెట్టాలి అన్నారు మరికొందరు. మన దగ్గర నాయకుడు పోతే ఏడ్చేవాళ్ళు ఇంట్లో ఉంటారు, కొలతలు తీసేవాళ్ళు రోడ్డు మీద ఉంటారు. పూర్వం దీనికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. పార్టీ గెలిస్తే విగ్రహం లేచేది, ఓడితే ముసుగు పడేది, మళ్ళీ గెలిస్తే పాలాభిషేకం. కూడళ్ళలో తలలు పగిలి పగిలి, చివరికి అన్ని పార్టీలూ విసిగిపోయి ఒక చట్టం తెచ్చుకున్నాయి. ఇప్పుడు ఎంత గొప్ప నాయకుడైనా సరే, దిమ్మె ఎక్కేముందు ఒకసారి డాక్టర్ వెంగమాంబ బల్ల ఎక్కాలి.

ఆ కబురు ఫోన్‌లో వచ్చేసరికి వెంగమాంబ వంటింట్లో చింతపండు పిసుకుతోంది. ఫోన్ చేసింది మస్తాన్. ప్రయోగశాల తెరిచిన రోజు నుంచీ ఆమెకు కుడిచెయ్యి. పని నెమ్మది, నోరు మాత్రం దురుసు.

"మేడం, పెద్దాయన పోయాడు. సాయంత్రానికి మన దగ్గరికి తెస్తారంట."

వెంగమాంబ చెయ్యి కడుక్కుంది. ఈ కబురు కోసం ఆమె ఏళ్ళ తరబడి కాచుకుని ఉంది. ఒకరి చావు కోసం అలా కాచుకోవడం మంచిది కాదని తెలుసు. అయినా కాచుకుంది.

"తొట్టి సిద్ధం చెయ్యి మస్తాన్. నేను మాల్యాద్రి దగ్గరికి పోయొస్తా," అంది.

మాల్యాద్రి ఆమె తమ్ముడు. ఈ కథంతా అతని కోసమే, పోయినవాళ్ళ మనసు చూసే ఆమె యంత్రమూ ఒక రకంగా అతని పుణ్యమే. వాళ్ళ నాయన పోయినప్పుడు వెంగమాంబ హైస్కూల్లో ఉంది, మాల్యాద్రికి ఇంకా పాలపళ్ళు. మూడోనాడు కాలవ గట్టున కూడు పెట్టి అందరూ దూరంగా నిలబడితే కాకులు చుట్టూ వాలాయి గానీ ఒక్కటీ ముద్ద ముట్టలేదు. పోయినవాడి మనసులో ఏదో ఉండిపోయిందన్నారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే ముందుకెళ్ళి మాట ఇచ్చారు. పిల్లల్ని చదివిస్తామన్నారు, వాళ్ళమ్మను చూసుకుంటామన్నారు, మిద్దె పూర్తి చేస్తామన్నారు. కాకి కదల్లేదు. చివరికి మాల్యాద్రి ముక్కు చీదుకుంటూ పోయి, "నాయనా, నీ బర్రెను అమ్మంలే," అన్నాడు. ఆ మాటకు ఒక కాకి గెంతుకుంటూ వచ్చి ముద్ద ఎత్తుకుపోయింది. చావింట్లో అందరూ నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. వెంగమాంబకు మాత్రం ఆ రోజు ఒక ఆలోచన పట్టుకుంది. మనిషి పోయినా లోపల ఒక బరువు మిగులుతుంది, సరైన మాట పడితే అది దిగుతుంది.

పెద్దయ్యాక ఆమె దాన్ని తొట్టిలో పెట్టి చూపించింది. ప్రాణం పోయిన మెదడును ప్రత్యేకమైన ద్రవంలో కొన్నాళ్ళు నిలిపి, చెవి నరానికి ఆ బరువును తాకే మాట అందిస్తే, లోపల వేరుశనగ గింజంత కణాల ముడి ఒకటి బిగుసుకుంటుంది. అది బిగుసుకుంటే తెర మీద గీత లేస్తుంది. ఆ బరువు దింపే మాట చెబితే ముడి సడలుతుంది, గీత పడుకుంటుంది. ప్రభుత్వం ఆ యంత్రానికి నోరు తిరగని పేరొకటి పెట్టింది. మస్తాన్ 'కాకి' అన్నాడు, ఊరందరికీ అదే మిగిలింది.

చట్టం రాసేటప్పుడు, విగ్రహానికి ఎవరు తగుదురో తేల్చే గౌరవాల సంఘం ఆమెను అడిగింది, గీత లేస్తే ఏమనుకోవాలి, లేవకపోతే ఏమనుకోవాలి అని. ఆమె ఒక్క వాక్యం రాసిచ్చింది. తప్పు చేసినవాడి మెదడు ఆ తప్పు పేరు వింటే కదలక మానదు, అని. సంఘం పెద్ద, పదవీ విరమణ చేసిన జడ్జి కోదండపాణి గారు అది చదివి మురిసిపోయారు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. అంతే కదమ్మా," అన్నారు.

బయటికొచ్చాక మస్తాన్ తల గోక్కున్నాడు. "తోలు మందం గాళ్ళ సంగతేంది మేడం? వాళ్ళు యాడ తడుముకుంటారు?"

"పైకి ఎంత మందమైనా లోపల ఉంటుంది మస్తాన్. మనిషన్నాక ఉండదా," అంది ఆమె. నాయన లాంటి మనుషుల్ని చూసి పెరిగిన మనిషి, లోకమంతా అట్లాగే ఉంటుందనుకుంది.

*

మాల్యాద్రి ఇంట్లో కొళాయి ఉంది గానీ అతను ఇంట్లో ఉన్నప్పుడు ఎవరూ తిప్పరు. అతను బయటికి పోయినప్పుడు భార్య చెంచమ్మ గబగబా కుండలూ బిందెలూ నింపి మూతలు పెడుతుంది. ధారగా పడే నీళ్ళ చప్పుడు అతను వినలేడు. వింటే అన్నం ముందునుంచి లేచిపోతాడు.

ఒకప్పుడు అతను చిలకలేరు ప్రాజెక్టులో గేట్ ఆపరేటర్. ఆ ఏడు తుపాను వానకు తెల్లారేసరికి జలాశయం నిండుకుంటూ వచ్చింది. పొద్దున్నుంచే కొద్దికొద్దిగా షట్టర్లు ఎత్తాలని అతను మొత్తుకున్నాడు. కానీ ఆ రోజు కింద ఏటి ఇసుకలో, అప్పుడు మంత్రిగా ఉన్న పరంధామయ్య గారి సభ. ఆయనే స్వయంగా గేటు గదికి ఫోన్ చేశాడు. సభ ముగిసి జనం గట్టెక్కేదాకా నీళ్ళు పట్టి ఉంచారు. పొద్దుగూకేసరికి ఆనకట్టే తెగేలా ఉంటే ఒక్కసారిగా షట్టర్లన్నీ ఎత్తారు. కింద పొన్నెలపాడు అనే ఊరు అన్నాలు వండుకుంటూ వండుకుంటూ కొట్టుకుపోయింది. ఫోన్ సంగతి పై ఇంజనీర్లెవరూ ఒప్పుకోలేదు. మీట నొక్కినవాడు మాల్యాద్రి కాబట్టి జైలుకూ అతనే పోయాడు. తిరిగొచ్చాక పొన్నెలపాడులో మిగిలినవాళ్ళు ఇంటి మీదికొచ్చి బురద కొట్టిపోయారు. చెంచమ్మ కడగబోతే అతను కడగనివ్వలేదు. మరక ఇంకా గోడ మీదే ఉంది.

"ఎల్లుండి నా బల్ల మీద ఆయనకు పరీక్షరా," అంది వెంగమాంబ, అక్కడే అరుగు మీద కూర్చుని. "పొన్నెలపాడు అనంగానే గీత లేస్తుంది. రాష్ట్రమంతా టీవీలో చూస్తాది. నీ మాట నిజమని అందరికీ తెలుస్తాది."

మాల్యాద్రి ఎవరిదో పాడైన మిక్సీ విప్పి ముందేసుకున్నాడు. తల ఎత్తలేదు. "లెయ్యకపోతే?"

"ఎట్టా లెయ్యదు? ఆయన గొంతు నువ్వు ఇన్నావు గదా."

"ఇన్నా. 'సభ అయ్యేదాకా చుక్క దిగకూడదబ్బాయ్' అన్నాడు. అబ్బాయ్ అన్నాడక్కా. ఎంత మెత్తంగా చెప్పాడో." స్క్రూ ఒకటి తీసి గిన్నెలో వేశాడు. "మీట నొక్కింది నేనేగా మరి. పొద్దున నా అంతట నేను ఎత్తేసుంటే ఏం చేస్తారు? ఉద్యోగం పీకుతారు. అంతేగా."

"ఎన్నాళ్ళని ఇట్టా నిన్ను నువ్వు తినేసుకుంటావు?"

"నేనేం చేస్తున్నా? కూర్చోనుండా," అన్నాడు. లోపల్నుంచి చెంచమ్మ కుండలో ముంచిన నీళ్ళు గ్లాసుతో తెచ్చి ఇచ్చింది, చప్పుడు కాకుండా.

*

పరీక్ష రోజు హాలు కిక్కిరిసిపోయింది. ముందు వరసలో పరంధామయ్య గారి కొడుకు, పార్టీ పెద్దలు. గాజు తొట్టిలో పెద్దాయన మెదడు, పక్కనే గోడంత తెర. గీత తిన్నగా పడుకుని ఉంది.

కోదండపాణి గారు మైకులో ఒక్కొక్క మాటే పలికారు. భార్య పేరు చెబితే గీత కాస్త మెదిలింది. సొంతూరి పేరు చెప్పినా అంతే. వెంగమాంబ చేతివేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి.

"చిలకలేరు."

గీత కదల్లేదు.

"పొన్నెలపాడు."

కదల్లేదు. ఆయన ఇంకోసారి, స్పష్టంగా, విడమరిచి పలికారు. ఆ తరవాత కొట్టుకుపోయినవాళ్ళ పేర్లు చెప్పారు. కోటేశ్వరమ్మ. ఖాజాబీ. పిల్లవాడు పెంచలయ్య. నున్నగా అలికిన నేలలా గీత అట్లాగే ఉంది. వెంగమాంబ తీగలు చూసింది, ద్రవం చూసింది, మస్తాన్ వైపు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నట్టు అతను తల ఊపి చూపు తిప్పుకున్నాడు.

చివర్లో వాడుక ప్రకారం కుటుంబానికి ఒక అవకాశం ఇస్తారు. కొడుకు లేచి మైకు పట్టుకున్నాడు. "నాయనా, ఆ గోపాలస్వామి విగ్రహం..." అన్నాడో లేదో గీత నిట్టనిలువుగా లేచింది. గోపాలస్వామి పెద్దాయనకు బతికినన్నాళ్ళూ ప్రత్యర్థి, ముందే పోయాడు, ముందే విగ్రహం కొట్టేశాడు. కొడుకు చేతులు జోడించాడు. "దానికంటే నీది రెండడుగులు ఎత్తు పెట్టిస్తాం నాయనా. మాటిస్తన్నా." గీత హాయిగా, నిద్రపోయినట్టు పడుకుంది. హాలంతా చప్పట్లు. నాయకుడన్నాక ఆ మాత్రం పంతం ఉండదా అని ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు.

సంఘం తీర్పు అక్కడికక్కడే వచ్చింది. పొన్నెలపాడు విషయంలో ఆయన మీద ఏ బరువూ లేదు, కాబట్టి ఏ తప్పూ లేదు, సమస్త గౌరవాలకూ అర్హుడు.

వెంగమాంబ లేచి నిలబడింది. "అయ్యా, ఇది మనసులో మిగిలింది చూపిస్తుంది. ఏం చేశాడో చూపించదు. ఆయనకు పట్టలేదు, అంతే. పట్టకపోతే నిర్దోషి ఎట్లా అవుతాడు?"

కోదండపాణి గారు చెడ్డవాడు కాదు. జాలిగానే చూశారు. "వాక్యం మీదే కదమ్మా," అన్నారు. "తప్పు చేసినవాడి మెదడు కదలక మానదన్నారు. ఇది కదల్లేదు. నన్నేం చెయ్యమంటారు?"

తన రాయి తన కాలి మీదే పడింది. ఎవరిని తిట్టుకుంటుంది?

మాల్యాద్రే ఫోన్ చేశాడు. "పోనీలే అక్కా, ఏడవబాక. ఆయనకి గుర్తులేదేమో. శానా పనులు చేసుంటాడుగా."

*

ఆనకట్ట మీద దిమ్మెకు శంకుస్థాపన జరిగిన రోజున మాల్యాద్రి పోయాడు. టీవీలో పూజ చూపిస్తున్నారు. పూజ అయిపోగానే పరంధామయ్య సాగర్ అనే కొత్త పేరు ప్రకటించి, శుభమా అని ఒక షట్టరు ఎత్తి నీళ్ళు వదిలారు. ఇల్లంతా నీళ్ళ చప్పుడు నిండిపోయింది. టీవీ కట్టేద్దామని లేచాడట, రెండడుగులు కూడా వెయ్యలేకపోయాడు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి గుండె ఆగిపోయింది.

వెంగమాంబ బస్సు దిగి ఆసుపత్రికి వెళ్ళేలోపే సంఘం మనుషులు అక్కడికి చేరారు. గౌరవం పొందిన నాయకుడి మీద నింద వేసినవాడు పోతే వాడి మెదడునూ చూడాలని చట్టంలో ఉంది. పార్టీవాళ్ళు ఆ సంగతి మరిచిపోలేదు. ఇంటివాళ్ళ ఒప్పుకోలు కావాలి. చెంచమ్మ అప్పటికే ఒప్పుకుంది.

"చెయ్యనీ వదినా," అంది, కళ్ళు తుడుచుకోకుండా. "ఆయన మనసు కడిగిన ముత్యం. నీ కాకికి తెలవదా?"

ఏం తెలుస్తుందో వెంగమాంబకు ముందే తెలుసు. చెంచమ్మకు నచ్చచెప్పబోయింది. ఆయన మీద తప్పు లేనప్పుడు భయమెందుకు వదినా అని చెంచమ్మ అమాయకంగా అడిగింది. ఆ అమాయకత్వం ఒకప్పుడు తనదే. కోదండపాణి గారి కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. అందరికీ ఒకటే న్యాయం కదమ్మా, మీరు చెయ్యలేకపోతే వేరేవాళ్ళతో చేయిస్తామన్నారాయన. వేరేవాళ్ళ చేతుల్లో తమ్ముణ్ణి పెట్టడం ఆమె వల్ల కాలేదు. తొట్టి ఆమే కడిగింది. ద్రవం ఆమే కలిపింది. మస్తాన్ పక్కన నిలబడి ఒక్క మాట కూడా అనలేదు, వాడి జీవితంలో అది మొదటిసారి.

హాల్లో ఈసారి జనం తక్కువ. కెమెరాలు మాత్రం అన్నే ఉన్నాయి.

"పొన్నెలపాడు."

గీత లేచిన తీరుకు మస్తాన్ వెనక్కి ఒక అడుగు వేశాడు. తెర పై అంచును తాకి అక్కడే నిలబడింది.

"కోటేశ్వరమ్మ." అది పైనుంచే ఎగిరింది. "ఖాజాబీ." మళ్ళీ ఎగిరింది. "పెంచలయ్య." ప్రతి పేరుకూ ఎగిరింది. జైల్లో కూర్చుని ఆ పేర్లన్నీ బట్టీపట్టినట్టున్నాడు పిచ్చివాడు. చెంచమ్మ ముందు సంబరంగా చూసింది, గీత కదిలితే నెగ్గినట్టని అనుకుంది పాపం. పక్కనున్నవాళ్ళ ముఖాలు చూశాక ఆమె నవ్వు ఆరిపోయింది.

కోదండపాణి గారు పేర్లు సగంలో ఆపేశారు. ఇక అక్కర్లేదన్నారు. ఆమె వాక్యాన్నే మరోసారి చదివి వినిపించారు. పొన్నెలపాడు పాపం గేట్ ఆపరేటర్ మాల్యాద్రిదే, మెదడే ఒప్పుకుంది, ఇక ఈ విషయం ముగిసింది.

కెమెరాలు సర్దుకుంటున్నారు. మస్తాన్ ఆమె మోచెయ్యి తాకాడు. "మేడం, గీత పడుకోలేదు. పైనే ఉంది."

అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. గీత పైన ఉన్నంతసేపూ ఆ లోపల ఏమవుతుందని. నొప్పి ఉంటుందా, భయం ఉంటుందా, నీళ్ళ చప్పుడు వినబడుతుందా. కనిపెట్టిన ఆమెకే తెలియదు. తెలియకుండా తీగ పీకడం ఆమెకు చేతకాలేదు. మైకు దగ్గరికి తీసుకుంది.

"మాల్యాద్రీ, నేన్రా, అక్కను. చెంచమ్మను నేను చూసుకుంటా."

కదల్లేదు.

"తప్పు నీది కాదురా. చెప్పింది వాళ్ళు. నాకు తెలుసు."

గీత దిగలేదు సరికదా, ఇంకా గట్టిగా అదిరింది. ఆ మాట అతను బతికుండగా ఎన్నోసార్లు విన్నాడు, ఒక్కసారీ పనికిరాలేదు. వెంగమాంబ కళ్ళు మూసుకుంది. కాలవ గట్టు గుర్తొచ్చింది, ముక్కు చీదుకుంటూ ముందుకెళ్ళిన చిన్నోడు గుర్తొచ్చాడు. పెద్దవాళ్ళంతా తమకు తోచింది చెప్పారు. వాడొక్కడే నాయనకు కావలసింది చెప్పాడు.

"పొద్దున్నే ఎత్తేశాంరా," అంది.

గీత వణికింది.

"సాయంత్రం దాకా ఆగలేదు. నువ్వు చెప్పినట్టే, తెల్లారంగానే, కొద్దికొద్దిగా ఎత్తాం. ఫోనొచ్చింది, నువ్వు పెట్టేశావు. నీళ్ళు నిదానంగా పోయినై. సభ ఆగిపోయింది, వాళ్ళు తిట్టుకున్నారులే, తిట్టుకోనీ. పొన్నెలపాడులో చాటింపేశారు. గొడ్డూ గోదా తోలుకుని అందరూ మిట్టెక్కారు. ముసిలోళ్ళని మంచాల మీద మోసుకెళ్ళారు. అన్నం కుండలు కూడా తెచ్చుకున్నారంట. మిట్ట మీద కూర్చోని తిన్నారు. అందరూ ఉండారు మాల్యాద్రీ. ఒక్కరు కూడా పోలా."

గీత మెల్లగా, ఎంతో మెల్లగా దిగింది. కింద తిన్నగా పడుకుంది. ఆమె అబద్ధమాడింది, జీవితమంతా నిజం కోసం చేసుకున్న యంత్రంలోకి. వెంగమాంబ మైకు పట్టుకునే ఏడ్చింది. ఎవరో ఒకరు కెమెరా ఆపలేదట, అదంతా కూడా టీవీలో వచ్చింది.

*

పెద్దదినానికి ఎవరూ రాలేదు. పాపం ఒప్పుకున్నవాడి దినానికి ఎవరొస్తారు? వీధివాళ్ళు తలుపులు వేసుకున్నారు. కాలవ గట్టున చెంచమ్మ, వెంగమాంబ, మస్తాన్. అంతే. ఆకు మీద ముద్ద పెట్టి దూరంగా జరిగారు.

అప్పుడు గట్టు మీద ఒక ముసలామె కర్ర పోటేసుకుంటూ వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురైదుగురు. చెంచమ్మ గుర్తుపట్టి భయంతో వెంగమాంబ చెయ్యి పట్టుకుంది. వాళ్ళు పొన్నెలపాడు వాళ్ళు. ముందున్న ముసలామె అంకమ్మ, కోడలూ మనవడూ నీళ్ళలో పోయిన మనిషి. ఇంటి మీద మొదటి బురద ముద్ద కొట్టింది ఆమే.

అంకమ్మ కర్ర పక్కన పడేసి ఆకు ముందు కూలబడింది. చాలాసేపు దాన్నే చూసింది.

"పెంచలయ్య నా మనవడు," అంది చివరికి. "ఆ పెద్దాయన మా ఇంటికొచ్చి వాడి ఫొటోకి దండేసిపోయాడు. వాడి పేరు చెప్తే ఆయనకి పిసరంత కూడా కదల్లేదు. ఈ అబ్బాయికి కదిలింది. ఇన్నేళ్ళకి మా పిల్లోడి పేరు ఇని ఒక మడిసి కదిలాడమ్మా. టీవీలో చూశా."

చెంచమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంకమ్మ వెంగమాంబ వైపు తిరిగింది.

"ఆఖర్న ఆ అబ్బాయికి ఏందో చెప్పావు గదా తల్లీ. పొద్దున్నే ఎత్తారని."

"అబద్ధం చెప్పానమ్మా," అంది వెంగమాంబ. "వాడి బరువు దిగాలని."

"తెలుసులే. నాకు తెలవదా? ఇంకొకతూరి చెప్పు. నేనూ ఇంటా."

వెంగమాంబ వెళ్ళి ఆమె పక్కన మట్టిలో కూర్చుంది. మిగిలినవాళ్ళు కూడా ఒక్కొక్కరే చుట్టూ చేరి కూర్చున్నారు. ఆమె గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. తెల్లారంగానే ఎత్తారమ్మా. కొద్దికొద్దిగా ఎత్తారు. నీళ్ళు నిదానంగా పోయినై. అందరూ మిట్టెక్కారు.

"మా పెంచలయ్య ఎక్కాడా?" అంది అంకమ్మ.

"ఎక్కాడమ్మా. అందరికంటే ముందు వాడే ఎక్కాడు."